ఈ యాంప్లిఫయర్ ధ్వని బావుంది, వెనక ప్యానెల్‌తోనే నా గొడవ | రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ యాంప్లిఫయర్‌ని కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు, వీడియోని ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. వాట్లు, డిస్టార్షన్ అంకెలు మీరు ఈపాటికే చూసి ఉంటారు. అందుకే నేరుగా వెనక్కి తిప్పుతున్నాను.

ఈ స్పీకర్ టెర్మినల్స్ చూడండి. ఎరుపుకీ నలుపుకీ మధ్య నా చిటికెన వేలు కూడా దూరడం లేదు. తీగ చివర బిగించి నేరుగా గుచ్చే బనానా ప్లగ్స్ వాడేవాళ్లకు ఫర్వాలేదు. కానీ చాలామంది ఉత్త తీగే వాడతారు. పైతొడుగు ఒలిచి, పోగులు మెలేసి, రంధ్రంలో పెట్టి బిగిస్తారు. అందులో సన్నటి పోగు ఒక్కటి పక్కదానికి తగిలినా షార్టే. నా పాత యాంప్లిఫయర్‌లో ఇవి ఎంత ఎడంగా ఉండేవంటే, చీకట్లో తడుముకుంటూ కూడా బిగించేవాణ్ణి. ఇప్పుడొచ్చేవాటిలో ఆ జాగా ఎందుకు మిగల్చరో!

షార్ట్ అయితే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఆపేస్తుంది. లోపల రిలే, అంటే స్పీకర్ల కనెక్షన్ కలిపే, తెంచే స్విచ్, టిక్కుమంటుంది, ముందు ఎర్ర లైటు వెలుగుతుంది. మంచిదే. కానీ షార్టా, వేడెక్కిందా, లోపల ట్రాన్సిస్టర్ పోయిందా, అన్నిటికీ ఆ ఒక్క లైటే! కొత్తగా కొన్నవాళ్లకు ఎంత టెన్షన్! షార్టయితే రెండుసార్లు, వేడెక్కితే మూడుసార్లు మెరిసేలా పెట్టొచ్చు కదా.

ఆ లైటు వెలిగితే ఇలా చేయండి. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కాసేపు చల్లారనివ్వండి. స్పీకర్ తీగలన్నీ విప్పేసి మళ్లీ ఆన్ చేయండి. లైటు పోయి రిలే టిక్కుమంటే, తప్పు తీగల్లోనో స్పీకర్లలోనో ఉన్నట్టు. అప్పుడు ఆఫ్ చేసి, ఒక్కో స్పీకరే కలిపి చూడండి. తీగలు లేకున్నా లైటు వెలుగుతుంటే సర్వీస్‌కి ఇవ్వాల్సిందే. మూత తెరవొద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉండొచ్చు. ఇంకోమాట, గాజు ట్యూబులుండే వాల్వ్ యాంప్లిఫయర్‌ని మాత్రం స్పీకర్లు లేకుండా ఆన్ చేయకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ఒక పక్క మాత్రమే పలకకపోతే, ఆఫ్ చేసి ఇన్‌పుట్ కేబుల్స్‌ని యాంప్ దగ్గర కుడి ఎడమలు మార్చండి. మూగపక్క కూడా మారితే తప్పు కేబుల్‌దో ప్లేయర్‌దో. మారకపోతే యాంప్‌దో స్పీకర్‌దో. అప్పుడు స్పీకర్ తీగల్ని అలాగే మార్చి చూస్తే అదీ తేలిపోతుంది. నాకు మీటర్లకన్నా ఈ పద్ధతంటేనే ఇష్టం.

రెండు స్పీకర్లూ పలుకుతున్నా బేస్ పలచగా, పాడేవాళ్ల గొంతు మధ్యలోంచి కాకుండా ఎటెటో వినిపిస్తుంటే, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారయ్యాయేమో చూడండి.

సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ లోపల లేని టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఉన్నవాళ్లు దాన్ని రికార్డుల కోసమే ఉండే ఫోనో ఇన్‌పుట్‌కే కలపండి. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డు మీద నడిచే ముల్లు ఉండే భాగం) ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు, సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టుల దాకా. సీడీని ఫోనోకి పెడితే ధ్వని పగిలిపోతుంది.

టీవీ కలిపితే గుయ్‌మనే హమ్ వస్తోందా? చాలాసార్లు అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలిసి ఒక చుట్టులా మారడం. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది కాంతి, కరెంటు కాదు కాబట్టి ఆ లూప్ అక్కడ తెగిపోతుంది. ఆ తర్వాత అసలు శబ్దమే రాకపోతే టీవీ ఆడియో సెట్టింగ్‌ని పీసీఎమ్‌కి, అంటే కుదించని మామూలు డిజిటల్ ధ్వనికి, మార్చండి. హమ్ పోవాలని ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, ప్రాణాలమీదికి వస్తుంది.

వినడానికి ఇది నిజంగా బావుంది. తక్కువ వాల్యూమ్‌లోనూ గొంతులు స్పష్టంగా ఉన్నాయి, నాబ్ నున్నగా తిరుగుతోంది. అయినా ఉత్త తీగ వాడేవాళ్లకు నేను దీన్ని రికమెండ్ చేయను. బనానా ప్లగ్స్ ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. నేనైతే నా పాతదాన్నే మళ్లీ కలుపుకుంటున్నాను.