గూడూరు ఇసుక, సిలికా జెల్, రాగి నీలం
(గూడూరులో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఇచ్చిన సమయం తక్కువ, నేరుగా ఉత్ప్రేరకాల్లోకి, అంటే రసాయన చర్యను వేగం చేసే పదార్థాల్లోకి వస్తాను. సిలికా, అల్యూమినా లాంటి ఆక్సైడ్ మీద లోహాన్ని సన్నగా పరిచి వీటిని చేస్తారు.

"లోహ లవణాన్ని ఆక్సైడ్‌తో కలిపి ఆరబెట్టాం" అని ప్రాజెక్టు రిపోర్టుల్లో రాసేస్తున్నారు. పీహెచ్, అంటే ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, ఎంతో రాయరు. నా బాధంతా అదే. ఆక్సైడ్ ఒంటినిండా హైడ్రాక్సిల్ (OH) సమూహాలుంటాయి. పీహెచ్‌ని బట్టి అవి ప్రోటాన్‌ని పట్టుకుంటాయి, వదిలేస్తాయి. ఉపరితల ఆవేశం సున్నా అయ్యేది సిలికాకు పీహెచ్ 2 దగ్గర, అల్యూమినాకు 8 దగ్గర. ఆ పీహెచ్‌కి పైన రుణావేశం, కింద ధనావేశం. అందుకే క్లోరోప్లాటినేట్ ఆనయాన్‌ని (రుణ అయాన్) పీహెచ్ 4 దగ్గర అల్యూమినా లాక్కుంటుంది. ప్లాటినం చుట్టూ నాలుగు అమ్మోనియాలున్న టెట్రా అమ్మీన్ ప్లాటినం కాటయాన్‌ని (ధన అయాన్) 10 దగ్గర సిలికా లాక్కుంటుంది. తారుమారైతే లోహం నీళ్లలోనే ఉండిపోయి, ఆరేటప్పుడు ముద్దలు కడుతుంది.

ప్లాటినం ఖరీదు. రాగితో చేయండి. 0.01 మోలార్ కాపర్ సల్ఫేట్ 50 మిల్లీలీటర్లలో అమ్మోనియా చుక్కచుక్కగా వేయండి. ముందు లేతనీలం అవక్షేపం వస్తుంది. అది పూర్తిగా కరిగి ముదురు నీలం వచ్చేదాకా అమ్మోనియా వేస్తూనే ఉండండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు! కరగని ఆ అవక్షేపం, అంటే కాపర్ హైడ్రాక్సైడ్, ఫిల్టర్ మీద సిలికాతో కలిసి నీలంగా కనిపిస్తుంది, అధిశోషణం (ఉపరితలం రాగిని పట్టుకోవడం) జరిగిందనుకుంటారు. పీహెచ్ 11 దాటనివ్వొద్దు, సిలికానే కరుగుతుంది.

ఆ ముదురు నీలం ద్రావణంలో కాలమ్ క్రోమటోగ్రఫీకి వాడే తెల్ల సిలికా జెల్ ఒక గ్రాము వేసి గంటసేపు కదపండి. తేమ పీల్చడానికి డెసికేటర్‌లో పెట్టే నీలం జెల్ వద్దు, అందులో కోబాల్ట్ ఉంటుంది. ఇంకో బీకరులో ఇదే ద్రావణం పోసి, మన గూడూరు పక్క చిల్లకూరు, కోట మండలాల ఇసుక కడిగి ఒక గ్రాము వేయండి. రెండూ సిలికానే. సజల అమ్మోనియాతో కడిగాక జెల్ నీలంగా, ఇసుక తెల్లగా ఉంటాయి. గ్రాము జెల్‌కు వందల చదరపు మీటర్ల ఉపరితలం, గ్రాము ఇసుకకు ఒక్క చదరపు మీటరు కూడా లేదు. మూడో బీకరులో అమ్మోనియా కలపని కాపర్ సల్ఫేట్ పోసి జెల్ వేయండి. నీళ్లతో కడిగితే రంగు దాదాపు పోతుంది.

అయ్యా, అధ్యాపకులకు ఒక మనవి. మొదట పోసిన ద్రావణం పీహెచ్ ఒక్కటే రాస్తే చాలదు, చివరి పీహెచ్ కూడా రాయించండి. పీహెచ్ 3 నీళ్లలో అల్యూమినా వేస్తే అది ప్రోటాన్లు తీసుకుని పీహెచ్‌ని పైకి లాగేస్తుంది.

ఇక వేడిచేయడం. సిలికా పట్టుకున్న ప్లాటినం అమ్మీన్‌ని నేరుగా హైడ్రోజన్‌లో వేడిచేస్తే కదిలే రూపంలోకి మారి ముద్దకడుతుంది. ముందు 110 డిగ్రీల్లో ఆరబెట్టి, 300 దగ్గర గాలిలో అమ్మోనియా పోగొట్టి, ఆ తర్వాతే హైడ్రోజన్ పంపండి.