సింకులో పడిన సాలెపురుగుకు దారేది?

వ్యాఖ్యాత: ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. పొద్దున లేస్తానే సింకులో సాలెపురుగు కనపడతాంది. ఎక్కేదానికి చూస్తాది, జారి మళ్లా కిందికే పడతాది. నీళ్లు వదిలి తోసేద్దామంటే మనసొప్పదు. పైపులో నుంచే వస్తాందంటాడు మా ఆయన.

నిపుణుడు: పైపులోంచి కాదమ్మా. సింకు కింద పైపు వంకర తిరిగిన చోట ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి. వాటిని దాటి రావడం దాని వల్ల కాదు. రాత్రిపూట గోడమీద తిరుగుతా, తడికోసం దిగి ఇరుక్కుంటుంది. కాళ్ల చివర సన్నటి గోళ్లుంటాయి, గరుకు దొరికితేనే పట్టు. వెనకటి కడపబండల తొట్టి అయితే ఎక్కిపోయేది. స్టీలుకూ టైల్సుకూ గోరు ఆనదు.

శ్రోత: మరి ఎగిరి దూకే చిన్న సాలెపురుగులు అద్దంమీద గూడా పోతాయి కదా సార్?

నిపుణుడు: బాగానే గమనించారే! వాటికి పాదాల కింద వెంట్రుకల కుచ్చులుంటాయి. మూలల్లో గూడుకట్టే పొడుగుకాళ్ల వాటికి అవి లేవు. మీ సింకులో పడేవి ఇవే అయ్యుంటాయి.

శ్రోత: ఏం చెయ్యాల మరి?

నిపుణుడు: పడుకునే ముందు పాత నూలుగుడ్డ వేయండి, ఒక కొస గట్టుమీద, ఇంకో కొస సింకు అడుగున ఆనేట్లు. నైలాన్ చీరముక్క వద్దు, జారుతుంది. అంతదాకా ఆగలేమంటే గ్లాసు బోర్లించి, కింద పెళ్లిపత్రిక అట్ట దూర్చి ఎత్తేయండి. ఎండలో పారేయకుండా స్టోర్‌రూంలో వదిలితే దోమల్నీ ఈగల్నీ తిని బతుకుతుంది. నీళ్లలో కాళ్లు ముడుచుకుని పడున్నా చచ్చిందనుకోకండి. పేపరుమీద నీడలో పెడితే ఒక్కోసారి తేరుకుంటుంది.

వ్యాఖ్యాత: తర్వాత కళ్యాణదుర్గం. చెప్పండన్నా.

శ్రోత: సార్, మా బాత్‌రూం టైల్స్ తొట్టిలో తేలు పడింది. దానికీ గుడ్డేనా?

నిపుణుడు: వద్దు నాయనా! అదీ నున్నటి గోడ ఎక్కలేదు, గుడ్డ వేశారంటే నేరుగా ఇంట్లోకే వస్తుంది. అందులో ఎర్రతేలు కుడితే పిల్లల ప్రాణానికే ముప్పు. మంత్రం వేయించుకుంటా కూర్చోకుండా ఆస్పత్రికి పోవాల. ఇందాకటి అమ్మా, మీరు వినండి: ఆ గుడ్డను పొద్దున చేత్తో తీయొద్దు, పట్టకారుతో ఎత్తి దులపండి. సరే, తేలు ఇంకా తొట్టిలోనే ఉందా అన్నా?

శ్రోత: యాడిది సార్! మీ ఫోన్ కలిసేలోపల మా యవ్వ చెప్పుతీసి పని కానిచ్చేసింది.