షట్చక్ర ధ్యానం

శ్రోతలకు నమస్కారం. షట్చక్రాల ప్రస్తావన రాగానే మన తెలుగువారికి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, కక్కయ్యల కథ గుర్తుకు రాకమానదు. శరీరంలోనే చక్రాలున్నాయనీ, ఒక్కొక్క చక్రంలో ఒక్కొక్క దేవత కొలువై ఉంటుందనీ స్వామి శిష్యుడికి బోధిస్తుండగా విన్న కక్కయ్య, ఇంటికి వెళ్లి నిద్రపోతున్న భార్య దేహాన్ని కోసి చూశాడట. రక్తమాంసాలు తప్ప మరేమీ కనిపించకపోయేసరికి, స్వామి చెప్పినదంతా అబద్ధమని నిందించాడట. స్వామి ఆమెను బ్రతికించి, అతనికి జ్ఞానోపదేశం చేశాడని కథ. వినడానికే ఒళ్లు జలదరించే కథ ఇది. అయినా, ఫలానా చక్రమంటే ఫలానా గ్రంథి అని పటం గీసి చూపించేవారు ఈనాటికీ ఉన్నారు కనుక, దానిని మళ్లీ మళ్లీ చెప్పుకోవలసిందే.

చక్రాలు అవయవాలు కావు. మనస్సును నిలుపుకోవడానికి వెన్నెముక వెంబడి మన పెద్దలు ఏర్పరచిన ధ్యానస్థానాలని నేను నమ్ముతాను. 1577లో పూర్ణానందుడు రచించిన షట్చక్రనిరూపణంలో మూలాధారానికి 4, స్వాధిష్ఠానానికి 6, మణిపూరకానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకు 2 దళాలు, అంటే తామర రేకులు, చెప్పారు. మొత్తం 50 దళాలకూ సంస్కృత వర్ణమాలలోని 50 అక్షరాలను అమర్చారు. ఆ గ్రంథంలో జలతత్త్వం స్వాధిష్ఠానానిది, అగ్ని మణిపూరకానిది. ఇంద్రకీలాద్రి నీడన ఉండే మనలో ఎందరో నవరాత్రులలో పారాయణ చేసే సౌందర్యలహరి తొమ్మిదవ శ్లోకంలోనైతే నీరు మణిపూరకంలో, అగ్ని స్వాధిష్ఠానంలో ఉన్నాయి. కాలేయమో గుండెయో అయితే గ్రంథానికొక తీరున ఉంటుందా? ధ్యానక్రమం కనుకనే సంప్రదాయాన్నిబట్టి మారింది.

అనాహతాన్నే తీసుకుందాం. బెజవాడ ఎండ ముదరకముందే, కృష్ణ ఒడ్డున ఘాట్ మెట్లమీదనో, ఇంటి మేడమీదనో దుప్పటి మడిచి వేసుకొని, నడుము నిలిపి కూర్చోవాలి. లోనికి వచ్చే గాలి ముక్కుపుటాల దగ్గర చల్లగా తగులుతుంది. రొమ్ము ఎముక వెనుక ఛాతీ కొద్దిగా విచ్చుకుంటుంది. బయటకు పోయే గాలి వెచ్చగా ఉంటుంది. ఆ విచ్చుకునే చోటనే మనస్సును ఉంచి, ఊపిరి విడిచినప్పుడల్లా "యం" అనే బీజాక్షరాన్ని లోలోపల అనుకోవాలి. నాలుగు శ్వాసలైనా గడవకముందే మనస్సు పాలవాడి బాకీ మీదికో, పిల్లల ఫీజు మీదికో పోతుంది. విసుక్కోకుండా తిరిగి తెచ్చుకోవడమే అభ్యాసం.

ఇక కుండలిని మేల్కొనడం గురించి. వెన్నెముక అడుగున ఉన్న మూలాధారంలో మూడున్నర చుట్లు చుట్టుకొని నిద్రించే ఆ శక్తి, ఇడా పింగళలనే రెండు నాడుల నడుమ ఉన్న సుషుమ్న నాడి గుండా నడినెత్తిన ఉన్న సహస్రారానికి చేరుతుందని శాస్త్రం. వెలుగులు కనిపించాయా, వెన్నులో జలదరింపు కలిగిందా అని అడిగేవారే ఎక్కువ. ఇంట్లోవాళ్లమీద కసురుకోవడం తగ్గిందా అని అడిగేవారు అరుదు. నా దృష్టిలో రెండవదే అసలు గుర్తు. సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసినట్లు ప్రాణాన్ని, అంటే శ్వాసను, మెల్లమెల్లగా వశం చేసుకోవాలనీ, లేకుంటే అది సాధకుడినే హతమారుస్తుందనీ హఠయోగప్రదీపిక హెచ్చరించింది. కనుక కొద్దిరోజుల్లోనే కుండలినిని లేపుతామనేవారి మాట నమ్మి ఊపిరి బిగబట్టే కుంభకానికి దిగవద్దు. గుండెజబ్బు, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకొని, మందులు మానకుండా, సహజమైన శ్వాసతోనే ప్రారంభించాలి.