తాళం మీ దగ్గర, తిట్లు ఆ అమ్మాయికి

(గాజువాక ఆటోనగర్‌లో చిన్న పరిశ్రమల వాళ్ళ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ముందు వరసలో ఉన్న బ్యాంకు వారికి, వెనక వరసలో కూచుని భోజనాలు ఎప్పుడా అని చూస్తున్న సర్వీసు కుర్రాళ్ళకి కూడా. నన్ను ఇండస్ట్రీ 4.0, అంటే ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు, నెట్‌వర్కులు రావడం, దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు, స్లైడ్లు తెచ్చాను. ఇందాక స్టేజి కింద ఒక కుర్రాడొచ్చి సార్ పెన్‌డ్రైవ్ ఇవ్వండి పెట్టేస్తాను అన్నాడు, ఆ ల్యాప్‌టాప్ ఎవరిది బాబూ అంటే తెలీదు సార్ హాల్ వాళ్ళదనుకుంటా అన్నాడు. ఇవ్వలేదు. అందుకని స్లైడ్లు లేవు, నోటితోనే చెప్తాను.

పొగరనుకోకండి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లో నతాంజ్ అణు కేంద్రంలోకి దూరింది, దానికి పెన్‌డ్రైవ్‌ల మీద పాకే విద్య ఉంది, బయట ఇంటర్నెట్‌తో సంబంధం లేని ప్లాంట్ అది. అక్కడ అది దెబ్బకొట్టింది ఆఫీసు కంప్యూటర్లని కాదు, సీమెన్స్ పీఎల్‌సీలు, అంటే మిషన్లని నడిపే చిన్న కంప్యూటర్లు, వాటి ద్వారా తిరిగే యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజుల్ని. స్క్రీన్ మీద అంతా బాగున్నట్టు చూపిస్తూ లోపల స్పీడు మార్చేసింది. నేను జీవితమంతా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో బతికినవాణ్ణి, రీడింగు అబద్ధం చెప్తే ఎలా ఉంటుందో మీటర్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు.

సరే. డిజిటల్ వద్దు అని చెప్పడానికి రాలేదు. వద్దన్నా ఆగేది కాదు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు టర్నోవర్ దాటిన ప్రతి యూనిట్ ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తియ్యాల్సిందే, సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు లేకపోతే లారీ అగనంపూడి దాటదు, టెండర్లు ఆన్‌లైన్, కాటా దగ్గర కంప్యూటర్, కంప్యూటర్ చెప్పినట్టు లోహం కోసే సీఎన్‌సీ మిషన్‌కి ప్రోగ్రాం నెట్‌వర్క్ మీద. రుషికొండ మీద ఐటీ వాళ్ళు చేసేదే డిజిటల్ అనుకుంటాం గానీ మన షెడ్డు ఎప్పుడో డిజిటల్ అయిపోయింది, మనకే తెలీలేదు. గూగుల్ వాళ్ళు మన ఊళ్ళో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో చెప్పారు, సంతోషం, కానీ అదే ఊళ్ళో నేను వెళ్ళే షెడ్లలో మిషన్ పక్క కంప్యూటర్‌లో ఇంకా పాతకాలపు విండోస్ ఎక్స్‌పీ. ఆయుధపూజకి దానికి కూడా బొట్టు పెడతాం, దండ వేస్తాం, నిమ్మకాయ కోస్తాం, అప్‌డేట్ మాత్రం పెట్టం. నవ్వకండి, చాలాచోట్ల అప్‌డేట్ పెడితే ఆ మిషన్ సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు, అది మీ తప్పు కాదు, నాకు తెలుసు. అలాంటప్పుడు ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచాలి కదా, దాని మీదే యూట్యూబ్ చూస్తే ఎలా.

2017 మే 12న వాన్నాక్రై అని, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినప్పుడు ఏమైంది? మైక్రోసాఫ్ట్ వాళ్ళు దానికి మందు, అంటే అప్‌డేట్, మార్చిలోనే ఇచ్చేశారు, రెండు నెలల ముందు. వేసుకోనివాళ్ళు పోయారు. 150 దేశాలు, రెనో కార్ల ఫ్యాక్టరీలు ఆగాయి, మన ఆంధ్రా పోలీసు కంప్యూటర్లకి కూడా పట్టింది.

ఇక్కడి నుంచి సెన్సర్లు, డాష్‌బోర్డులు, క్లౌడ్ అన్నీ చెప్దామని రాసుకున్నాను. కానీ నిజం చెప్తున్నాను, సెక్రటరీ గారు ఫోన్ చేసినప్పుడు నేను ఒప్పుకుంది దానికోసం కాదు. ఒకమ్మాయి గురించి చెప్పాలి. ఈ హాల్లోనే చెప్పాలి.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక యూనిట్, పేరు చెప్పను. ఫ్యాబ్రికేషన్, మెషినింగ్, మంచి పేరున్న షెడ్డు. అందులో ఒకమ్మాయి అకౌంట్స్ చూసేది, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చేసేది. అకౌంట్స్ అంటే పేరుకే, బిల్లులు ఆవిడే, ఈ-వే బిల్లు ఆవిడే, హాజరు ఆవిడే, ఓనర్ గారి అబ్బాయి స్కూల్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టేది కూడా ఆవిడే. ఒక సోమవారం పొద్దున్న సిస్టం ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు, అన్నిటి పేర్ల చివర పిచ్చి అక్షరాలు, మధ్యలో ఒక నోట్, ఇంత బిట్‌కాయిన్ పంపితే తాళం తీస్తాం అని. ఆ పిల్ల పారిపోలేదు, కంప్యూటర్ ఆపేసి దాచలేదు, పరిగెత్తుకెళ్ళి ఓనర్‌కి చెప్పింది. ఆయన మొదటి మాట ఏంటో తెలుసా? "ఏటి నొక్కావే?"

అదే. ఏటి నొక్కావే. "నేనేటీ నొక్కలేదు బాబూ, ఇప్పుడే ఆన్ చేశాను" అని ఏడుస్తుంటే షెడ్డంతా చూసింది. వారం తిరక్కుండా పంపేశారు, ఇవ్వాల్సిన రెండు నెలల జీతం ఆపేశారు, నష్టానికి సరిపెట్టామన్నారు. అంత పెద్ద నష్టానికి ఆ పిల్ల జీతం సరిపెట్టారు.

నన్ను ఆ తర్వాత పిలిచారు, పీఎల్‌సీ ప్రోగ్రాం ఏమైనా పోయిందేమో చూడమని. చూస్తూ చూస్తూ కంప్యూటర్ లాగ్ కూడా తీశాను. శనివారం అర్ధరాత్రి దాటాక ఎవరో బయటనుంచి లాగిన్ అయ్యారు, అడ్మిన్ పేరు మీద. అప్పటికి ఆ పిల్ల హాస్టల్లో నిద్రపోతూ ఉంటుంది. ఎలా వచ్చారంటే, సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాడు ప్రతిసారీ ఆటోనగర్ దాకా రాలేక ఇంటినుంచే సర్వీస్ చెయ్యడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరంనుంచి ఈ కంప్యూటర్ నడిపే దారి, తెరిచిపెట్టాడు, ఓనర్ గారే సరే అన్నారు, విజిటింగ్ ఛార్జీ తగ్గుతుందని. పాస్‌వర్డ్ షెడ్డు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ప్రపంచంలో ఎవడైనా కొట్టొచ్చు, వాడు కూచుని కొట్టక్కర్లేదు కూడా, ప్రోగ్రాములే రాత్రీపగలూ తలుపులు తడుతూ ఉంటాయి. బ్యాకప్ ఉందా అంటే ఉంది, హార్డ్‌డిస్క్, అదే కంప్యూటర్‌కి ఇరవైనాలుగ్గంటలూ గుచ్చి ఉంది. దానికీ తాళం పడింది. ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసి ఊరెళ్ళినట్టు.

ఇదంతా కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చదివారు, చదివి ఏమన్నారంటే "సర్లెండి, అయిపోయిందిగా" అన్నారు. అయిపోయింది ఎవరికండీ?

ఒక్క నిమిషం, చేతులెత్తండి. మీ షెడ్లో రిమోట్ సర్వీస్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేది ఎంతమందికి ఉంది? ఎత్తండి, పర్లేదు. ఊఁ. ఎత్తనివాళ్ళలో సగంమందికి ఉందో లేదో తెలీదని నా అనుమానం. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అదే ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది, ఇప్పుడు మీ జేబులో ఉన్నవాళ్ళు? ఒక్కరు. మిగతావాళ్ళది ఆడిటర్ గారి డ్రాయర్లో ఉంది, మీ సంతకం అది.

నార్వేలో నార్స్క్ హైడ్రో అని అల్యూమినియం కంపెనీ, 35 వేలమంది ఉద్యోగులు. 2019 మార్చి 19న వాళ్ళకీ ఇదే జరిగింది, ఫైళ్ళన్నిటికీ తాళం. తర్వాత తేలింది ఏంటంటే తెలిసిన కస్టమర్ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్‌లో అటాచ్‌మెంట్ ఒక ఉద్యోగి తెరిచాడు. అంటే అక్కడ నిజంగానే ఒకడు నొక్కాడు! అయినా వాళ్ళు ఏం చేశారు? డబ్బు కట్టలేదు. గుమ్మాలకి కాగితాలు అంటించారు కంప్యూటర్లు నెట్‌వర్క్‌కి కలపకండని, వెబ్‌సైట్ పోతే ఫేస్‌బుక్‌లో రోజూ ఏం జరుగుతోందో చెప్పారు, దాచలేదు. రిటైర్ అయినవాళ్ళు వెనక్కొచ్చి కాగితాల మీద, చేత్తో ప్లాంట్ నడపడానికి సాయం చేశారు. ఇది చదివినప్పుడు నాకు ఛాతీ ఉబ్బింది, మాలాంటి ముసలాళ్ళకీ పనుందన్నమాట. నష్టం 7 కోట్ల డాలర్ల దాకా అయింది, తక్కువేం కాదు, కానీ నిలబడ్డారు.

తిడితే ఏమవుతుందో ఆలోచించండి. ఈసారి అనుమానం మెయిల్ వచ్చినా, మౌస్ దానంతటదే కదిలినా, ఆ సీట్లో కొత్తగా కూచున్న అమ్మాయి మీకు చెప్తుందా? చెప్పదు. ముందావిడకి ఏమైందో షెడ్డంతా చూసింది కదా. మొదటి గంటలో నెట్ కేబుల్ పీకితే మిగిలే ఫైళ్ళు కూడా పోతాయి, మధ్యాహ్నానికి వైరస్ పక్క సిస్టంలకి పాకిపోతుంది.

చిన్నవాళ్ళం మనల్నెవడు పట్టించుకుంటాడు అంటారు. 2022లో కోజిమా అని టొయోటాకి ప్లాస్టిక్ పార్టులిచ్చే కంపెనీ, దాని అనుబంధ సంస్థ వాడిన రిమోట్ కనెక్షన్ డబ్బాలోంచి దొంగలు దూరారు. మళ్ళీ రిమోటే చూడండి. మార్చి 1న టొయోటా జపాన్‌లో 14 ప్లాంట్లు, 28 లైన్లు ఆపుకుంది, ఒక్కరోజుకి దాదాపు 13 వేల కార్లు. మనం ఎవరికి సప్లై చేస్తున్నాం? స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, భెల్, రిఫైనరీ, డాక్‌యార్డ్. వాళ్ళ డ్రాయింగులు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి, అందులో ఫోర్‌మన్ గారి బావమరిది కూడా ఉంటాడు.

బ్యాకప్ గురించి ఒక్కమాట. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అని ఇంకో వైరస్ వచ్చింది, ఉక్రెయిన్‌లో అందరూ వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోంచే వచ్చింది. మెర్స్క్, ఓడల కంపెనీ, కంటైనర్ల మీద పేరు మన పోర్టు రోడ్డు మీద రోజూ చూస్తాం, వాళ్ళది కుప్పకూలింది, ముంబైలో టెర్మినల్ కూడా ఆగింది. 45 వేల కంప్యూటర్లు, 4 వేల సర్వర్లు పది రోజుల్లో మళ్ళీ వేసుకున్నారు. అన్నిటికీ మూలమైన సర్వర్ డేటా ఒక్క ఘనాలో మిగిలింది. ఎందుకు మిగిలిందో తెలుసా, ఆ టైంకి అక్కడ కరెంటు పోయింది! హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక తిట్టుకున్నవాళ్ళం, అక్కడ కరెంటు కోతే కాపాడింది. రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకటి గుచ్చినప్పుడు రెండోది ఇంట్లో బీరువాలో ఉండాలి. షెడ్డులోనే పెడితే, 2014 అక్టోబర్ 12న రేకులు ఎటు ఎగిరిపోయాయో గుర్తుందిగా. అందులో ట్యాలీ లెక్కలు ఒక్కటే కాదు, సీఎన్‌సీ పారామీటర్లు, పీఎల్‌సీ ప్రోగ్రాం కూడా, మిషన్ వేసినవాడు రేపు ఫోన్ ఎత్తుతాడో లేదో.

చీటీ వచ్చింది, "డబ్బు కడితే డేటా వస్తుందా" అని. రావచ్చు, రాకపోవచ్చు, దొంగ రసీదివ్వడు. బ్యాంకు డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఇలాంటి దాడి అయితే సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, మనకి తెలిసిన 6 గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్‌లో రూలిచ్చారు, పరువు పోతుందని దాచకండి.

భోజనాలు రెడీ అని సైగ చేస్తున్నారు. ఇంకొక్కటే. ఆ ఓనర్ గారు ఈ హాల్లో ఉన్నారో లేదో నేను చూడ్డం లేదు. ఆ రెండు నెలల జీతం కవర్లో పెట్టి అసోసియేషన్ ఆఫీసులో ఇచ్చేయండి, మీ పేరు రాయక్కర్లేదు, నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఒక బట్టల షాపులో చేస్తోంది. అకౌంట్స్ వచ్చిన మనిషి, ఈ-వే బిల్లు నిద్రలో లేపినా తీస్తుంది, మీలో ఎవరికైనా మనిషి కావాలంటే భోజనాల దగ్గర నన్ను కలవండి.