చెల్లెలికి పనిచేసిన బిళ్ళ

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడిలో మా మందుల షాపుకి ఆ మధ్య ఒకావిడ వచ్చి, కొంగు ముడి విప్పి ఖాళీ బిళ్ళల రేకు బల్ల మీద పెట్టింది. కత్తిరించగా ఇంగ్లీషులో 'మెటో' వరకే మిగిలింది. "బాబూ, ఇది పాతపట్నంలో మా చెల్లెలు వేసుకునే బీపీ బిళ్ళ. దానికి బాగా తగ్గింది. పదిహేను రోజులు వేసుకున్నా నాకు తగ్గలేదు. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే కదా!" అంది.

సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు జూలీ జాన్సన్ అనే ఫార్మసీ ప్రొఫెసర్. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, అక్కడి ఫార్మసీ కాలేజీకి డీన్ అయ్యారు.

టెన్షన్ పడితే గుండె దడదడలాడుతుంది కదా. రక్తంలోని అడ్రినలిన్ అనే హార్మోను వెళ్ళి గుండె కణాల మీద తనకోసం ఉన్న చోట కూర్చుంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ఆవిడ తెచ్చిన రేకులోని మందు, మెటోప్రోలాల్, ముందే ఆ చోటు పట్టేస్తుంది. అయితే ఆ సీటు అందరిలో ఒకేలా తయారవదు. అది ఒక ప్రోటీను, అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ. దాని 389వ స్థానంలో కొందరికి ఆర్జినిన్ అనే పూస ఉంటుంది, కొందరికి గ్లైసిన్ అనే పూస. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ ఆర్జినిన్ రకమే వచ్చినవాళ్ళకి ఈ మందుతో బీపీ ఎక్కువగా తగ్గిందని 2003లో జాన్సన్ బృందం ప్రచురించింది. ఒక్క అక్షరం మారినంత తేడా! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చెల్లెలికి వచ్చిన జన్యువు అక్కకి రాకపోవచ్చు మరి.

ఇంకోటి, ఈ మందుని కాలేయంలో విరగ్గొట్టే ఎంజైము కొందరిలో సరిగా పనిచెయ్యదు. మందు రక్తంలో పేరుకుని గుండె వేగం మరీ పడిపోవచ్చు. తర్వాత జాన్సన్ గారు 'పేర్' అనే పెద్ద అధ్యయనంలో అటెనొలాల్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే వేరే బీపీ మందులనీ ఇలాగే పరిశీలించారు.

అన్నీ జన్యువులే అనుకోకండి. రోజూ ఎండుచేపలు, ఊరగాయ తింటుంటే ఏ బిళ్ళకైనా కష్టమే. ఒకటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ రకం బిళ్ళతో ఊపిరాడకపోవచ్చు. అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే గుండెకే ముప్పు. పక్కింటివాళ్ళ రేకు చూసి తెచ్చుకోవద్దు.

ఆవిడని ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాను. మొన్న చీటీ పట్టుకొచ్చింది, మందు వేరు. కవరు మీద మందు పేరు తెలుగులో రాసి, దాని కింద ఆవిడ పేరు కూడా రాసి ఇచ్చాను.