చిట్టా, ఆవర్జా, ఒక చిన్న గాడ్జెట్

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ముందు వరుసల్లో కంప్యూటర్ విద్యార్థులున్నారు, వెనక వరుసల్లో వరంగల్, హనుమకొండ దుకాణదారులున్నారు. ఇద్దరికీ అర్థమయ్యేలా ఎలా మాట్లాడాలా అని రాత్రి చాలాసేపు ఆలోచించి, చివరికి ఒక పాత మాట పట్టుకొచ్చాను. చిట్టా, ఆవర్జా. వెనక కూర్చున్నవారికి వివరించనక్కర్లేదు. ముందున్నవారి కోసం చెబుతాను. రోజంతా జరిగిన లావాదేవీలను జరిగినవి జరిగినట్టు, వరుసగా రాసుకుంటూ పోతే అది చిట్టా. అందులోంచి ఒక్కొక్కరి లెక్క విడదీసి, బ్యాంకుకు ఒక పేజీ, సరుకుకు ఒక పేజీ, ఉద్దెర తీసుకున్న ప్రతి మనిషికీ ఒక పేజీ అని ఎత్తి రాస్తే అది ఆవర్జా.

ఇప్పుడు వ్యాపారాల్లో వాడే యాప్‌లన్నీ ఆవర్జాలే. బిల్లుల యాప్‌కు బిల్లులు తప్ప మరొకటి తెలియదు. డబ్బు యాప్‌కు డబ్బే తెలుసు. ఎవరి పేజీ వారు బాగానే రాసుకుంటున్నారు. కానీ ఉదయం నుంచి దుకాణంలో ఏం జరిగిందో ఒక్క చోట చదువుకునే చిట్టా మాత్రం ఎవరి దగ్గరా లేదు. నేను తయారు చేసిన గాడ్జెట్ ఆ చిట్టాయే. కంప్యూటర్ తెర మీద అరచేతి వెడల్పు ఉండే పెట్టె, అందులో పన్నెండు వరుసలు. అంతకు మించి ఏమీ లేదు.

ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో మా చిన్నాన్నకు మోటార్లు, పైపులు, స్ప్రేయర్లు అమ్మే దుకాణం ఉంది. బిల్లులు, ఖాతాలు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో. యూపీఐ చెల్లింపులు మరో చోట. కాలిపోయిన మోటార్ల ఫిర్యాదులు కంపెనీ యాప్‌లో. గోదాములో సరుకు ఎంతుందో గుమాస్తా గూగుల్ షీట్‌లో రాస్తాడు. మిర్చి సీజన్‌లో రైతుల చేతికి డబ్బు వచ్చే నెలల్లో చిన్నాన్న ఈ నాలుగింటి మధ్య తిరుగుతూ ఉంటాడు. ఒకసారి విసిగిపోయి, "నాలుగు కిటికీల్లోంచి ఒకే వీధిని చూస్తున్నట్టుంది బిడ్డా" అన్నాడు. నాకు పని అక్కడే మొదలైంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. గూగుల్ వారి ఐగూగుల్ అనే హోమ్ పేజీలో చిన్న చిన్న పెట్టెలు పేర్చుకునే సరదా 2005లో మొదలై 2013 నవంబరులో ముగిసింది. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ వచ్చాక, ఎవరేం చేశారో వరుసగా చదవడం జనానికి అలవాటైంది. స్నేహితుల ఫొటోలకు అంత చక్కగా కుదిరిన ఆ వరుస, దుకాణం లెక్కలకు మాత్రం ఆలస్యంగా వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు.

యాప్‌ల నుంచి సమాచారం తెచ్చుకోవడానికి రెండు దారులు. మనమే పోయి "ఏమైనా కొత్తది ఉందా?" అని అడుగుతూ ఉండటం ఒకటి. ఏదైనా జరగగానే వాళ్లే మనకు కబురు పంపడం రెండోది. దాన్ని వెబ్‌హుక్ అంటారు. మొదట్లో నేను నిమిషానికోసారి అడిగాను. రోజుకు 1,440 నిమిషాలు, నాలుగు చోట్లకు కలిపి 5,760 ప్రశ్నలు. అందులో నూటికి తొంభై పాళ్లకు "ఏమీ లేదు" అనే జవాబు. రెండో రోజుకే ఒక సర్వర్ 429 అనే అంకె పంపింది. మరీ ఎక్కువగా అడుగుతున్నావు, కాస్త ఆగు అని దాని అర్థం. అది తిట్టు కాదు, మర్యాదే. ఆ తర్వాత చెల్లింపులకు వెబ్‌హుక్ పెట్టాను, షీట్‌ను పావుగంటకోసారి మాత్రం చూస్తున్నాను. ట్యాలీ దుకాణం కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది మామూలుగా 9000 అనే పోర్టు (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ద్వారం) దగ్గర ఎక్స్‌ఎంఎల్ అనే రాత రూపంలో ప్రశ్నలు తీసుకుని జవాబిస్తుంది కాబట్టి, ఆ కంప్యూటర్‌లోనే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను కాపలా కూర్చోబెట్టాను.

ముందు వరుసల వారు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యాప్‌లు ఇచ్చే, పాస్‌వర్డుల్లాంటి రహస్య కీలను గాడ్జెట్ పేజీలో రాయకూడదు. బ్రౌజర్‌కు చేరిన ప్రతి అక్షరాన్నీ ఎవరైనా తెరిచి చదవచ్చు. మధ్యలో మన సర్వర్ ఒకటి ఉండాలి, కీలు దాని దగ్గరే ఉండాలి, అవి కూడా చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవై ఉండాలి. చిట్టా రాసే గుమాస్తాకు గల్లాపెట్టె తాళం ఎందుకు?

సరే, సమాచారం వచ్చింది. ఇక కలపడమే కదా అనుకున్నాను. నా మూడు వారాలు మింగింది ఆ కలపడమే, అందులోనూ ముఖ్యంగా గడియారం.

చిట్టాకు ప్రాణం వరుస. వరుసకు ఆధారం సమయం. నా నాలుగు మూలాలూ సమయాన్ని నాలుగు రకాలుగా చెబుతాయి. ఒకటి 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు లెక్కపెట్టి ఇస్తుంది. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మాత్రం మిల్లీసెకన్లు అడుగుతుంది. వెయ్యితో గుణించడం మరిచిపోతే నేటి బిల్లు 1970 జనవరి మూడో వారంలోకి పోయి కూర్చుంటుంది. నాకు అదే జరిగింది. మరొకటి యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంలో చెబుతుంది, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఇంకొకటి ఊరి సమయమే ఇస్తుంది, కానీ ఏ ఊరిదో చెప్పదు. ఫలితంగా ఒక రోజు 10:15కు కొట్టిన బిల్లుకు 10:20కు వచ్చిన డబ్బు, తెర మీద 4:50కు వచ్చినట్టు కనిపించింది. "షట్టర్ తీయకముందే, తెల్లవారుజామునే డబ్బు పంపిన ఆ మహానుభావుడెవరు బిడ్డా? ఆయనకు ఒక శాలువా కప్పుదాం" అన్నాడు చిన్నాన్న. తేదీ, సమయం ఎలా రాయాలో ఐఎస్‌ఓ 8601 అనే ప్రమాణం 1988 నుంచీ చెబుతూనే ఉంది. వినేవారు తక్కువ. ఇప్పుడు వచ్చిన ప్రతి సమయాన్నీ గుమ్మం దగ్గరే యూటీసీకి మార్చి దాచుకుంటాను, చూపించేటప్పుడు మాత్రమే మన సమయంలోకి తెస్తాను.

తర్వాతి చిక్కు జంటలది. వెబ్‌హుక్ పంపేవారికి మన నుంచి "అందింది" అనే జవాబు సమయానికి రాకపోతే అదే కబురు మళ్లీ పంపుతారు. అందుకే ప్రతి కబురుకూ యాప్ పేరు, అందులోని సంఖ్య కలిపి ఒక గుర్తు పెట్టి, ఒకసారి రాసిన గుర్తును రెండోసారి రాయను. ఇది తేలిక. కష్టమైనది మరొకటి. బిల్లు ఒక వరుస, దాని డబ్బు మరో వరుస. రెండూ ఒకే బేరం కదా, కలిపేస్తే అందంగా ఉంటుందనిపించింది. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్సు నంబరు ఉంటుంది, కానీ కౌంటరు దగ్గర రద్దీలో దాన్ని బిల్లులో ఎవరు ఎక్కిస్తారు? అందుకని తెలివి ప్రదర్శించాను. పది నిమిషాల లోపు ఒకే మొత్తం కనిపిస్తే రెండూ ఒకటే అనుకోమని రాశాను. మరుసటి వారమే ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు రైతులు ఒకే రకం స్ప్రేయర్లు కొన్నారు. ఒకరు ఫోనులో డబ్బు పంపారు, మరొకరు ఉద్దెర రాయించుకున్నారు. నా గాడ్జెట్ ఆ డబ్బును ఉద్దెర మనిషి బిల్లుకు అంటగట్టింది. డబ్బు ఇచ్చేసిన మనిషినే మళ్లీ బాకీ అడిగితే ఎలా ఉంటుందో దుకాణదారులకు చెప్పాలా? ఆ సాయంత్రమే ఆ తెలివిని తీసేశాను. ఇప్పుడు రెండు వరుసలూ పక్కపక్కనే ఉంటాయి. కలుపుకోవడం చిన్నాన్న కళ్ల పని, ఆయనకు మనుషులు తెలుసు.

ఇక భాష. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే ఓర్చుకోండి. ఇలాంటి వరుసలకు వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2017లో యాక్టివిటీ స్ట్రీమ్స్ 2.0 అనే ప్రమాణం ఖరారు చేసింది. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎవరికి అని విడివిడిగా దాచమంటుంది. అది చక్కటి పద్ధతి. వాక్యాన్ని దాచకుండా దాని ముక్కల్ని దాచుకుంటే ఏ భాషలోనైనా కూర్చుకోవచ్చు. అయితే తెలుగులో ముక్కలు పక్కపక్కన పెడితే వాక్యం కాదు. రవి అయితే "రవికి", రాము అయితే "రాముకు". పేరు చివర ఇకారముంటే "కి", లేకపోతే "కు". దానికి నిబంధన రాయవచ్చు, కానీ ట్యాలీలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, చివరి అచ్చు ఏదో నమ్మకంగా చెప్పలేం. పైగా చెల్లించాడా, చెల్లించిందా అన్నది పేరు చూసి యంత్రం ఎలా తేలుస్తుంది?

రెండు రోజులు తల పట్టుకున్నాక జవాబు మా ఇంట్లోనే దొరికింది. మా అమ్మ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ప్రతి పేరుకూ "గారు" తగిలిస్తోంది. గారు పెడితే ఏ పేరైనా "గారికి" అనే ముగుస్తుంది, క్రియ "చెల్లించారు" అవుతుంది. విభక్తి చిక్కు పోయింది, లింగం చిక్కు పోయింది, పైగా మర్యాద. ఇంత మంచి ప్రోగ్రామింగ్ ఉపాయాన్ని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టి పెట్టారు. కాకపోతే మరునాడు తెర మీద "ట్రాన్స్‌పోర్టు గారు సరుకు దించారు", "బ్యాంకు గారు రుసుము కోశారు" అని వచ్చింది. దుకాణమంతా నవ్వింది. సంస్థల పేర్లకు వేరే జాబితా పెట్టాను. బ్యాంకు గారిని మాత్రం చిన్నాన్న తీసేయనివ్వలేదు.

వరుసలో ఎంత చెప్పాలి? మిర్చి మార్కెట్‌లో జెండా పాట ధర, అంటే బహిరంగ వేలంలో పలికే ధర, అందరికీ వినబడుతుంది. మన బస్తాలకు నిజంగా ఎంత పడిందో, కూలి, కమీషన్ ఎంత పోయిందో తక్‌పట్టీ అనే లెక్క చీటీలో ఉంటుంది. గాడ్జెట్ చెప్పాల్సింది జెండా పాట మాత్రమే. తక్‌పట్టీ కావాలంటే వరుస మీద నొక్కితే అసలు యాప్ తెరుచుకుంటుంది. నేను మొదట అన్ని వివరాలూ కుక్కాను. కౌంటరు తెర కొనేవారి వైపు కూడా కనబడుతుందని అప్పుడు తోచలేదు. ఎవరికి ఎంత ఉద్దెర ఉందో పక్క ఊరివారు చదువుతుంటే ఒక పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. ఆ రాత్రే కౌంటరు తెర మీది నుంచి మొత్తాలు, ఫోను నంబర్లు తొలగించాను. అవి ఇప్పుడు చిన్నాన్న ఫోనులో మాత్రమే ఉంటాయి.

మరొక పొరపాటు చెప్పి తీరాలి. ఒక శనివారం ఫిర్యాదుల యాప్ కీ గడువు ముగిసింది. గాడ్జెట్ ఏ గొడవా చేయలేదు, ఫిర్యాదు వరుసలు రావడం ఆగిపోయాయి, అంతే. రెండు రోజులు ఒక్క మోటారూ కాలలేదని అందరం సంతోషించాం. సోమవారం ముగ్గురు రైతులు మోటార్లు ట్రాక్టర్‌లో వేసుకుని నేరుగా వచ్చారు. నీళ్లు లేక పొలం ఎండుతోందని వారు అంటుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఏమీ జరగకపోవడం వేరు, ఏం జరిగిందో తెలియకపోవడం వేరు. రెండింటినీ నేను ఒకే ఖాళీగా చూపించాను. ఇప్పుడు పెట్టె అడుగున నాలుగు మూలాల పేర్లు, ఒక్కోదాని నుంచి చివరి జవాబు ఎప్పుడు అందిందో ఉంటుంది. గంట దాటితే ఆ పేరు ఎర్రబడుతుంది. విద్యార్థులూ, మీరు ఏ గాడ్జెట్ చేసినా ఈ అడుగు వరుసను ముందు రాయండి, పై వరుసలు తర్వాత.

రద్దయిన బిల్లుల సంగతి ఒక్కటి మిగిలింది. బిల్లు రద్దు కాగానే దాని వరుసను మాయం చేసేవాణ్ని. పొద్దున చూసిన వరుస మధ్యాహ్నానికి లేకపోతే చిన్నాన్నకు అనుమానం, గుమాస్తాకు భయం. "చిట్టాలో కొట్టివేతలుండవు బిడ్డా, కింద ఎదురు పద్దు రాయాలి" అన్నాడు ఆయన. అప్పటి నుంచి పాత వరుస అలాగే ఉంటుంది, "ఫలానా బిల్లు రద్దయింది" అని కొత్తది దాని తర్వాత వస్తుంది.

గాడ్జెట్ ఈ ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది, దగ్గరికి వచ్చి చూడండి. పేర్లు మార్చాను, అంకెలు మార్చాను. అడుగున ఒక పేరు ఎర్రగా కనిపిస్తోంది కదా, అది గోదాము షీట్. గుమాస్తా భోజనానికి వెళ్లి ఉంటాడనుకున్నాను, కానీ షీట్ నుంచి జవాబే రావడం లేదు. మీలో ఎవరైనా వచ్చి నాతో పాటు చూస్తే ఇప్పుడే సరిచేద్దాం.