తలుపుకి టేపు, టేపులో ఖాళీ

శిరీష: అందరికీ నమస్తే. పోయిన వారం మాటిచ్చినట్టే ఈసారి అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం కోర్టు కేసులు, ముఖ్యంగా 1974 జూలై 24 నాటి అక్కడి సుప్రీంకోర్టు తీర్పు. వేణన్నా, దండం పెడతా, తలుపు దగ్గర మొదలుపెట్టకు.

వేణు: అక్కడ కాకపోతే ఇంకెక్కడ మొదలుపెడతాం శిరీషా? 1972 జూన్ 17, అర్ధరాత్రి దాటింది. ఫ్రాంక్ విల్స్ అని 24 ఏళ్ల వాచ్‌మన్, వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ బిల్డింగ్ కాపలా. తలుపు గడియ పడకుండా ఎవరో టేపు అంటించారు, పీకేశాడు. ఇంకో రౌండుకి వచ్చేసరికి మళ్లీ టేపు. పోలీసులకి ఫోన్ కొట్టాడు, నిక్సన్ ప్రత్యర్థులైన డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసులో అయిదుగురు దొరికారు. ఆ రెండోసారి చూడకపోతే నీ తీర్పే లేదు.

శిరీష: మన శ్రోతలకి ఇది కంఠతా వచ్చేసింది అన్నా. నేను కోర్టులోకి వెళ్తున్నా. 1973 జనవరి, జడ్జి సిరికా. ఆఫీసులో దొరికినవాళ్లు, వాళ్లని పంపిన ఇద్దరు కలిపి ఏడుగురు ముద్దాయిలు. వాళ్లలో అయిదుగురు నేరం ఒప్పేసుకున్నారు, ఇద్దరిని జ్యూరీ దోషులని తేల్చింది. అయినా నిజమంతా బయటికొచ్చిందని సిరికాకి నమ్మకం కుదరలేదు. మార్చిలో వాళ్లలో ఒకడైన మెకార్డ్ ఆయనకి ఉత్తరం రాశాడు, నోరు విప్పొద్దని మామీద ఒత్తిడి తెచ్చారు, సాక్షులు అబద్ధాలు చెప్పారు అని. ఇక డొంకంతా కదిలింది. జూలైలో సెనేట్ కమిటీ ముందు నిక్సన్ దగ్గర పనిచేసిన బటర్‌ఫీల్డ్, నిక్సన్ ఆఫీసులో మాటలన్నీ రికార్డవుతాయని చెప్పేశాడు.

వేణు: అందులో ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు ఖాళీ! అది కూడా జూన్ 20ది, దొంగలు దొరికిన మూడో రోజు, నిక్సన్, ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ మాట్లాడుకున్నది.

శిరీష: నిక్సన్ సెక్రటరీ రోజ్ మేరీ వుడ్స్ ఏం చెప్పిందంటే, టేపు విని రాస్తుంటే ఫోన్ మోగింది, అందుకోబోతూ పొరపాటున రికార్డ్ బటన్ నొక్కాను, కాలు మిషన్ పెడల్ మీదే ఉండిపోయింది అని. నిన్న రాత్రి కుర్చీలో కూర్చుని నేనూ చేసి చూశా. కాలు మిషన్ పెడల్ మీద, చెయ్యేమో వెనక టేబుల్ మీది ఫోన్ దాకా. నిమిషం తిరక్కుండానే పిక్క పట్టేసింది. రోజూ ఆడియో ఎడిట్ చేసేదాన్ని, నేను నమ్మను.

వేణు: ఆవిడ ఒప్పుకున్నది అయిదు నిమిషాలే కదా. అందరూ ఆవిడ అలా సాగి చూపించిన ఫొటో చూసి నవ్వారు, మిగతా పదమూడున్నర ఎవరివని గట్టిగా నిలదీయాలి కదా!

శిరీష: అడిగారు అన్నా. కోర్టు వేసిన నిపుణులు, కనీసం అయిదుసార్లు విడివిడిగా చెరిపారని తేల్చారు.

వేణు: తేల్చి? ఎవరి మీద కేసు పెట్టారు?

శిరీష: ఎవరి మీదా పెట్టలేదు.

వేణు: మరి నాకెందుకు కోపం రాదు చెప్పు? కింద ఉన్నవాళ్లే కనిపిస్తారు, సెక్రటరీ, వాచ్‌మన్.

శిరీష: అరవకు, మైకు చిట్లుతోంది. పైవాళ్లూ దొరికారు. టేపులు ఇవ్వనని నిక్సన్ మొండికేస్తే సుప్రీంకోర్టు తీర్పు 8-0, అందులో ముగ్గురు జడ్జీలు నిక్సన్ వేసినవాళ్లే, అయినా టేపులు ఇవ్వాల్సిందేనన్నారు. పదహారో రోజుకి, ఆగస్టు 9న, నిక్సన్ పదవి దిగిపోయాడు. 1975 జనవరి 1న మిచెల్, హాల్డెమన్, నిక్సన్ సలహాదారు ఎర్లిక్‌మన్ ఇదంతా కప్పిపుచ్చిన కేసులో దోషులని తేలింది. మిచెల్ అంటే మాజీ అటార్నీ జనరల్, 19 నెలలు జైల్లో ఉన్నాడు.

వేణు: నిక్సన్‌కి ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ 1974 సెప్టెంబర్ 8నే క్షమాభిక్ష పెట్టేశాడు, విచారణే లేదు. విల్స్‌కేమో సరైన ఉద్యోగం నిలవలేదు. 1983లో ఒక బూట్ల జత దొంగిలించాడని కోర్టు ఏడాది శిక్ష వేసింది. 2000లో పోయాడు, 52 ఏళ్లు.

శిరీష: ...ఈ బూట్ల సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు.

వేణు: ప్రతిసారీ తలుపు దగ్గరే ఆపేస్తావు.

శిరీష: సరే, ఆ క్షమాభిక్ష దగ్గరికే వద్దాం, ఫోర్డ్ ఏమన్నాడంటే... అన్నా, రికార్డర్ బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది, చార్జర్ ఎక్కడ పెట్టావు?